కొత్త మామిడికి ముందు తిన్న ముక్క

అల్లూరి సీతారామరాజు జిల్లా, ముంచింగిపుట్టు మండలం, జామిపుట్టు కాపురస్థుడను, ఆఖరి ముఠాదారు గెమ్మెలి సోమన్నదొర కుమారుడను, మాజీ ఎమ్మెల్యేను అయిన గెమ్మెలి స్వామిదొర, వయసు 74, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. మోకాళ్లే నా మాట వినడం లేదు, బుర్ర వింటోంది.

1. రెండెకరాల కాఫీ తోట, మిరియాల పాదులు, పెంకుటిల్లు నా భార్య యర్రమ్మ జీవితాంతం అనుభవించి, తదనంతరం మా కుమారుడు నవీన్‌కు చెందవలెను. నేను అసెంబ్లీకి పోయిన పదేళ్లూ తోట చూసింది ఆవిడే. జీపు దిగితే చాలు, "ఎమ్మెల్యేగారూ, బేగి రండి, జావ సల్లారిపోతంది" అనేది. ఎంత నవ్వుకునేవాళ్లమో!

2. మా నాన్న తలపాగా, వెండి పొన్ను కర్ర నవీన్‌కు. షరతు: వాటిని పోస్టరు మీద వేయించి ఓట్లు అడగరాదు. నేను అలాగే అడిగి రెండుసార్లు గెలిచాను. నాన్న తన ముఠా కింది ఊళ్లన్నీ శిస్తుకు తిరుగుతుంటే పొలిమేరలో డప్పులతో ఎదురొచ్చేవారు, నాకూ వచ్చారు. అదంతా నా గొప్పే అనుకున్నాను. ఆ డప్పు మళ్లీ వినాలని ఇప్పటికీ ఉంది.

3. పూజారి గాసికి ఏమీ రాయడం లేదు. ఇద్దరం ఒకే డొప్పలో అంబలి తాగి పెరిగాం. మూడో ఎన్నికల సభలో పట్నం నాయకుడొకడు మామిడిపండు ముక్క నోటికందించాడు. ఫొటోలవాళ్ల ముందు కాదనలేక తిన్నాను. మా ఊళ్లో కొత్త మామిడి పండగ ఇంకా ఎనిమిది రోజులుంది. ఊరి దేవత జాకరమ్మకు పెట్టందే మా నాన్న పిందె కూడా కొరికి ఎరగడు. గాసి ఇంటికొచ్చి, "అమ్మకి ఎట్టకుండానే తినేసినావేటి దొరా? కోడినిచ్చి తప్పు ఒప్పుకో, నాను పూజ సేస్తాను" అన్నాడు. "ఆ కాలం పోయిందిరా" అన్నాను.

ఆ మాట ఊరూరా పాకింది. సొంత ఊరి బూతులోనే చిత్తుగా ఓడాను. పార్టీ మరి పిలవలేదు. గాసి కూడా నాకు ఓటు వెయ్యలేదని రూఢి చేసుకుని పదిహేనేళ్లు వాడి గుమ్మం తొక్కలేదు. ముక్కకైతే కోడితో సరిపోయేది. మాటకే ఓడాను. తప్పు నాదే.

వాడికి అర ఎకరం రాద్దామనుకున్నాను. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకపోవడమే మంచిదని ప్లీడరుగారన్నారు. నాకు వాడి సాక్ష్యమే కావాలి. ఈ కాగితం పట్టుకుని రేపు నేనే వెళ్తాను. వాడు ముద్ర వేయకపోతే ఇది చెల్లదు. వేరే సాక్షిని వెతకవద్దు.

18 నవంబరు 2024
(సంతకం) గెమ్మెలి స్వామిదొర

సాక్షులు:
1. రామారావు, రిటైర్డ్ టీచరు, ఈ పత్రం రాసినవారు (సంతకం)
2. గాసి, పూజారి (ఎడమ బొటనవేలి ముద్ర, 19 నవంబరు)

రెండో సాక్షి పట్టుబట్టి రాయించినది: "ఓటు నీకే ఏసినాను దొరా. నువ్వు అడగనేదు."