నాన్న చావు కాఫీ

మార్చి 3, 1994. తిరానా

నాన్న ఎముకలు దొరికాయి. మంత్రిత్వ శాఖ నుంచి ఫోన్. పాత గని పక్కన గుంటలో, ఇంకో ఇద్దరితో కలిపి. బూట్లను బట్టి గుర్తుపట్టారట.

పద్నాలుగేళ్ళు రక్షణ మంత్రి. పంతొమ్మిది వందల డెబ్బై అయిదులో, ఒక్క సాయంత్రంలో దేశద్రోహి అయ్యాడు. తను కొలిచిన నాయకుడే కాల్పించాడు. నన్నూ తమ్ముడు పెట్రిత్‌నూ నిర్బంధ పల్లెకు లారీలో తోలారు. చావు కబురు రేడియోలో విని, మళ్ళీ మొక్కజొన్న చేలో కలుపు తీశాను. ఏడిస్తే అదో నేరం.

మార్చి 4

పెట్రిత్‌కి అంత్యక్రియలకు మిలిటరీ బ్యాండ్ కావాలి, ఉపన్యాసాలు కావాలి. నాకు కాఫీ చాలు. చావింట మూడు రోజులు తలుపు తీసే ఉంచాలి, వచ్చినవాళ్ళకు చక్కెర లేని కాఫీ ఇవ్వాలి. అప్పట్లో మా గడప తొక్కినవాడు లేడు. ఇప్పుడూ రాకపోతే నాన్న రెండోసారి చచ్చినట్టే.

మార్చి 8, ఉదయం

వచ్చారు! గది పట్టడం లేదు. ఆ రోజుల్లో వీధిలో ముఖం తిప్పుకున్న ఇల్యాజ్ గారు కూడా. మూడు మెట్లెక్కడానికి పంతొమ్మిదేళ్ళు పట్టిందా బాబాయ్ అని పెట్రిత్ అననే అన్నాడు. మోకాళ్ళ నొప్పులురా అన్నాడాయన. చావింట నవ్వకూడదు, నవ్వేశాం.

నాన్నంటే నాకు ప్రాణం. ఆదివారాలు ఉల్లిపాయలు తనే తరిగి, కళ్ళు తుడుచుకుంటూ, యుద్ధంలో కూడా ఇంత ఏడవలేదే అనేవాడు.

మార్చి 8, సాయంత్రం

సనీజె అని ఒక ముసలావిడ వచ్చింది. కోటు విప్పలేదు, కప్పు ముట్టలేదు. నీకు ఎముకలైనా దక్కాయమ్మాయ్ అంది. ఆవిడ భర్త కెప్టెన్ రిజాను అరవై ఒకటిలో కాల్చారట. కాగితం మీద సంతకం మీ నాన్నదే అంది. మా ఇంట చావు కాఫీకి పిల్లి కూడా రాలేదంది.

పెట్రిత్ లేచాడు. చావింటికొచ్చి ఈ మాటలేంటి పెద్దమ్మా, ఆయన పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడు అన్నాడు. పెట్టుంటే వాడింటికే వెళ్ళేదాన్ని బాబూ, అంది.

మార్చి 9

ఆ కెప్టెన్ ఫైలు నేను చూశాను. రెండేళ్ళ కిందటే, నాన్న ఫైలు కోసం వెళ్ళినప్పుడు. పెట్రిత్‌కి చెప్పలేదు. నాన్న సంతకం గుండ్రంగా, తొందర లేకుండా ఉంది. నాన్నను కాల్చమన్న కాగితం మీద ఆయన తర్వాత వచ్చిన మంత్రి సంతకం. రెండూ ఒకటే ఫారం.

మార్చి 10

ఉపన్యాసంలో 'మచ్చలేని మనిషి' అని రాశారు. ఆ మాట కొట్టేయమన్నాను. ఇన్నాళ్ళకు పేరు తిరిగొస్తుంటే నువ్వే బురద జల్లుతావా అక్కా అని అరిచాడు పెట్రిత్. ఫైలు సంగతి చెప్పేశాను. అప్పట్నుంచీ మాటల్లేవు. నాన్న మంచివాడు. సంతకమూ ఆయనదే. రెంటిలో ఏదీ వదులుకోలేను.

మార్చి 11, పొద్దున

బ్యాండ్ పదకొండుకి. ముందు సనీజె ఇంటికి వెళ్ళాను. ముప్పైమూడేళ్ళలో పరామర్శకు మొదటి మనిషిని నేనే.

ఎవరింటి నుంచి వచ్చారని గుమ్మంలో అడగడం ఆనవాయితీ. తెలిసీ అడిగింది.

నాన్న పేరు చెప్పాను.

పక్కకు జరిగి దారి ఇచ్చింది.