మృగశిరకు ముందే గుడ్లు

మే నెల, మంగళవారం రాత్రి

ఈరోజు బోధన్ మార్కెట్లో బొచ్చె చేప కడుపు కోస్తే నిండా గుడ్లు. ఒక్కదానికే అనుకున్నా, తర్వాత కోసినవాటికీ అంతే. మృగశిర కార్తె ఇంకా రానేలేదు. వానలు పడి నిజాంసాగర్‌లోకి కొత్తనీళ్లు వచ్చాకే చేప గుడ్లకొచ్చేది, అవి గుడ్లు పెట్టనిద్దామని అప్పుడే మా మత్స్యకారుల సంఘం వలలు ఆపేది. మొన్నటి అకాల వానకు చేప మోసపోయిందా, మేమే మోసపోతున్నామా?

కొనేవాళ్లు మాత్రం గుడ్లున్న చేప నాకంటే నాకని కొట్లాడారు. నా పక్కన చేపలు కోసే లక్ష్మి కాకినాడ వైపు మనిషి. ఒడ్డున ఇల్లు సముద్రంలో కలిసిపోతే ఇక్కడికొచ్చింది. ఆమె కత్తి ఆపి చూసింది.

"మాకూ ఇలాగే మొదలైంది వదినా. వేట ఆపే రోజులొకటి, చేపకి గుడ్లొచ్చే రోజులొకటి అయిపోయాయి."

మరి మీవాళ్లు ఏం చేశారని అడిగాను.

"కొందరు ఆపారు, కొందరు ఆపలేదు. అందరం వలసే వచ్చాం" అని నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే కోప్పడ్డాడు. "సంఘంల ఎవ్వలు ఆపకుంటె మనమొక్కలమె ఆపి ఏం జేస్తం? మృగశిరకు జనం చేపలకు ఎగబడ్తరు, గప్పుడేం అమ్ముతవ్?"

అదీ నిజమే. మిగిలిన గుడ్లు వేయిస్తే ఇద్దరం తిన్నాం. రుచిగానే ఉన్నాయి, అదే నా బాధ.

పడుకునే ముందు వల పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "పొద్దుగాల పడవల వెయ్యాల్నా, మడిచి అటుక మీద పెట్టాల్నా? నువ్వే జెప్పు."

పెళ్లయినప్పటి నుంచి వల సంగతి నన్నొక్కసారీ అడగని మనిషి.

ఆయన చేతిలోంచి వల తీసుకుని వాకిట్లో పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.