వాగు కాడి నుంచి

తర్లుపాడు, 10-4-2016

ఇంజనీరు నరసింహులు నాయనకు, చెంచులక్ష్మి వాళ్లమ్మ రాసేది.

మా పాపను లారీ కొట్టిన మార్కాపురం కూడలిలో సిగ్నలు ఎట్ల పెట్టాలో తేలాలంటే, తెల్లారినప్పటి నుంచి బండ్లను కంప్యూటరులో వెయ్యిసార్లు నడిపి చూడాలని, ఏడాది పడుతుందని చెప్పినావు. జూన్‌లో బడి తెరుస్తారు. పిల్లలు అక్కడే దాటాలి.

మా గొర్రెలు దొడ్డి నుంచి వాగు దాకా రోజూ ఒకే తీరుగా పోతాయి, వాగు దాటినాకే చెదురుతాయి. కొత్తవాళ్లకు తోలడం నేర్పేటప్పుడు, చెదిరినప్పుడల్లా మందను వాగు కాడికే మళ్లిస్తాము, దొడ్డి దాకా తేము. "ఇంజనీరుకు గొర్రెల చదువు చెప్తావా?" అని మా ఆయన నవ్వినాడు. చెప్తా.

నువ్వు పెట్టే సిగ్నలు వెలిగేది బడి వేళకు, పొద్దున ఎనిమిదిన్నరకు. అంతదాకా నీ బండ్లను ఒక్కసారే నడిపి, అప్పటికి ఏది ఎక్కడుందో కంప్యూటరులో దాచుకో. సిగ్నలు తీరు మార్చి చూసే ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఎనిమిదిన్నర దాకా నా బిడ్డ బాగానే ఉంది, నాయనా. ఆ పొద్దును మళ్లీ మళ్లీ నడపాల్సిన పనిలేదు.