బికనీరులో బావగారి మహలు

నూజివీడు,
1962 జనవరి.

చిరంజీవి భాస్కరరావుకు నీ బావ వీరరాఘవయ్య దీవెనలు. అందులో సగం మా చెల్లెలు విజయలక్ష్మికి ఇవ్వు.

ఇక్కడ అందరం క్షేమం, నా రొమ్ము తప్ప. మామిడి పూత మొదలైన దగ్గర్నుంచి లోపల పిల్లికూతలు. బెజవాడ వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించుకున్నాను. "మీకు తడిగాలి పడదండీ. పొడిగా ఉండే ఊళ్ళో కొన్నాళ్ళు ఉండండి" అన్నాడు. "ఎంత పొడిగా అండీ?" అన్నాను. "ఎంత పొడిగా ఉంటే అంత మంచిది" అన్నాడు. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. రైలు ఉద్యోగం పేరుతో ఎడారిలో పడ్డావని మీ అక్కయ్య ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఇప్పుడు దేవుడు అందుకే పంపాడంటోంది.

అద్దె కొంప నాకు గిట్టదు. గుంతకల్లులో నువ్వున్నప్పుడు నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చి వానలు పడేదాకా ఉన్నాను గదా. మీ వంటింటి గుమ్మం తూర్పుకు మార్పించాను. ఇంటివాడు మిమ్మల్ని ఖాళీ చేయించాడు గాని, వాస్తు మాత్రం కుదిరింది. ఈసారి ఆ గొడవ ఉండదు. సొంతంగా కొనేస్తాను, నీ ఇంటి పక్కనే. కొత్త ఇల్లు వద్దు. చెట్టుకు గాని ఇంటికి గాని వయసు రావాలి. అక్కడి పాతపేటల్లో ఏది ఎలాంటిదో, తోట చూసి చెప్పినట్టు వివరంగా రాయి.

నీ మేలు కోరే బావ,
వీరరాఘవయ్య

తా.క. అక్కడ గోంగూర దొరుకుతుందా అని మీ అక్కయ్య అడుగుతోంది. దొరక్కపోతే విత్తనాలు తెస్తుంది. మీ పెరట్లో చోటుంచు.


బికనీరు,
జనవరి ఆఖరు.

పూజ్యులైన బావగారికి భాస్కరరావు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించామో చెప్పలేను. విజయలక్ష్మి అయితే ఆనందం పట్టలేక పడుకుంది. ఇంకా లేవలేదు.

మీరు రావడం మా అదృష్టం. అయితే ఇల్లు కొనేవారికి మంచీ చెడూ చెప్పడం నా ధర్మం. ఇక్కడ కోటగోడ లోపలంతా మొహల్లాలు. ఒక్కొక్క మొహల్లాలో వంద ఇళ్ళు. పెద్ద ఇళ్ళను హవేలీలంటారు. మొదటిది సేఠ్‌ల మొహల్లా. ఎర్రరాతి ఇళ్ళు, గోడంతా రథానికి చెక్కినట్టు చెక్కడమే. చూడ్డానికి బాగుంటాయి. దుమ్ము దులపడానికి మాత్రం ఒక జన్మ చాలదు. సందు ఎంత ఇరుకంటే, ఒంటె ఎదురైతే మనిషే వెనక్కి నడవాలి. ఒంటె నడవదు.

తరువాత కంసాలుల మొహల్లా. అద్దె తక్కువ, నిద్రా తక్కువే. తెల్లవారకముందే సుత్తులు మొదలు. కోట గుమ్మం దగ్గరి మొహల్లాలో కాస్త గాలి వస్తుంది, దాంతోపాటు ఇసుక వస్తుంది. ఎక్కడైనా నీళ్ళు మాత్రం ఇంటికింద గోతిలో దాచుకున్న వాననీళ్ళే, అదీ వాన పడితే. నగల పెట్టెకు తాళం వేయడం మరిచిపోతారు గాని నీళ్ళగోతికి మరిచిపోరు. వేసవిలో నిప్పు, చలికాలంలో మంచు. మామిడి చెట్టన్నది బొమ్మలో చూడాల్సిందే.

ఇంతకన్నా నిజం రాయలేను. తరువాత మీ ఇష్టం.

విధేయుడు,
భాస్కరరావు

తా.క. గోంగూరకు పెరడు కావాలి. పెరడుకు నేల కావాలి. మాకున్నది ఇసుక.


నూజివీడు,
ఫిబ్రవరి.

చిరంజీవి భాస్కరరావును వీరరాఘవయ్య మెచ్చుకుని రాయునది.

నీ ఉత్తరం మీ అక్కయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. ఇంత మంచి ఊరుంచుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేం? సందు ఇరుకన్నావు. చందాలవాళ్ళు జీపుల్లో రాలేరన్నమాట. సుత్తుల చప్పుడన్నావు. మా గోదాములో పెట్టెలకు మేకులు కొట్టే చప్పుడు లేని నాడు నాకు కునుకు పట్టదు. నీళ్ళకు తాళమన్నావు. ఆ తాళంచెవి నా మొలతాడుకు ఉంటే మీ అక్కయ్య వాకిట్లో బిందెలు బిందెలు కుమ్మరించడం ఆగుతుంది. ఇక మామిడి చెట్టే లేదన్నావు చూడు, అక్కడ నా ప్రాణం లేచొచ్చింది. చెట్టు లేని ఊళ్ళో కాయ అమ్మడం కన్నా వర్తకుడికి మోక్షమేముంది?

ఒక్క తప్పు మాత్రం దిద్దుకో. మహల్ అనబోయి అన్ని చోట్లా మొహల్లా అని రాశావు. చిన్నప్పట్నుంచీ నీ ఒత్తులంతే. ఒక్కొక్క మహల్లో వంద ఇళ్ళుంటాయని నాకు తెలియనే తెలియదు. ఒక్కటి చాలు. ఒక ఇంట్లో మేముంటాం, ఒకటి నీకిస్తాను, మిగతావి అద్దెకు.

ముసునూరు లక్ష్మీనరసింహారావు లేడూ, మద్రాసులో బంగళా కొన్నప్పట్నుంచీ నేలమీద నడవడం లేదు. నిన్న కాఫీ హోటల్లో అందరిముందూ "ఏంటండీ రాఘవయ్యగారూ, మీకింకా పెంకుటిల్లేనా?" అన్నాడు. "లేదండీ, బికనీరులో మహలు బేరమాడుతున్నా" అన్నాను. పెసరట్టు తుంచినవాడు నోట్లో పెట్టుకోలేదు.

బావ,
వీరరాఘవయ్య

తా.క. మహలుకు ఏనుగుల సాల ఉంటుందా? ఉంటే కాయలు మాగవేసుకోవడానికి పనికొస్తుంది.


బికనీరు,
ఫిబ్రవరి ఆఖరు.

బావగారి పాదాలకు నమస్కరించి, కంగారుగా రాస్తున్నది.

నా ఒత్తుల్లో తప్పులేదు. మొహల్లా అంటే మహలు కాదు. పేట! మన ఊళ్ళో పేటలున్నట్టే. పేటను ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. దయచేసి ఈ సంగతి లక్ష్మీనరసింహారావుగారికి వెంటనే చెప్పండి.

ఇక్కడ హవేలీ కొనడం అనుకున్నంత తేలిక కూడా కాదు. కట్టినవాళ్ళు కలకత్తా పోయి కోటీశ్వరులయ్యారు. ఇల్లు ఒకటి, వాటాదార్లు ఊరంత. మా ఆఫీసులో ఒకాయన ఇల్లు కొందామని వాటాదార్ల సంతకాలకు బయల్దేరాడు. ఆఖరివాడు సంతకం పెట్టేసరికి మొదటివాడు చచ్చిపోయాడు. అతని కొడుకులతో మళ్ళీ మొదలు. ఆయనిప్పుడు ఇల్లు మాట ఎత్తితే హనుమాన్ చాలీసా చదువుతాడు.

మీ ఆరోగ్యం నాకు ముఖ్యం. పొడిగాలి అంటే మీ డాక్టరు ఇసుకగాలి అనుకుని ఉండడు. మొన్న దుమారం లేచి పెరుగన్నం కూడా నమిలి తినాల్సి వచ్చింది. ఉబ్బసానికి ఇది మంచిదని ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా నాకు బదిలీ అవుతుందని ఆఫీసులో అనుకుంటున్నారు. మీరు ఇల్లు కొని, నేను లేక, భాష రాక, ఒంటెల మధ్య ఎలా ఉంటారు?

మీ క్షేమం తప్ప మరొకటి కోరని
భాస్కరరావు

తా.క. అన్నయ్యగారు ఇంత దూరం ప్రయాణం చేస్తే నడుము పట్టేస్తుందని విజయలక్ష్మి కన్నీళ్ళు పెట్టుకుంటోంది. నిజమైన కన్నీళ్ళే, నేను చూశాను.


నూజివీడు,
మార్చి.

భాస్కరరావూ, దీవెనలు తరువాత. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం అందేసరికే నాకు సన్మానం అయిపోయింది. మామిడి వర్తకులంతా కలిసి చేశారు. ఆగిరిపల్లి నుంచి, హనుమాన్ జంక్షన్ నుంచి కూడా లారీల్లో వచ్చారు. లక్ష్మీనరసింహారావు చేతే దండ వేయించారు. వేస్తూ చెవిలో, "ఒక ఫోటో అయినా తెప్పించండి, చూసి తరిస్తాం" అన్నాడు, పళ్ళికిలించి. ఇప్పుడు నేను మైకు పట్టుకుని మొహల్లాకూ మహలుకూ తేడా చెప్పమంటావా? మీ అక్కయ్యను కూరగాయలవాడు కూడా రాణీగారూ అంటున్నాడు. ఆవిడ బేరమాడ్డం మానేసింది. నా పరువుతోపాటు సంపాదనా పోతోంది. ఇల్లు కొని తీరాలి.

అందుకని బెజవాడ వెళ్ళాను. అక్కడ ఎడారివాళ్ళ బట్టల కొట్టు ఒకటుంది. సేఠ్ హీరాలాల్ అని, లావుపాటి మనిషి. మీ ఊరి ఇళ్ళ సంగతి అడుగుతూ, నీ కవరు మీద ఇంటి చిరునామా చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "అరే! ఇది నాది ఇల్లు!" అని గావుకేక పెట్టాడు. నువ్వు అద్దెకుంటున్న మూల్‌చంద్ హవేలీ ఆయన తాత కట్టించిందట. వాటాదార్లు ఎవరూ లేరు, తండ్రికి ఈయన ఒక్కడే కొడుకు.

"అమ్ముతారా?" అన్నాను. "తాతగారి ఇల్లు ఎలా అమ్మేది?" అని కళ్ళు తుడుచుకుని, వెంటనే ధర చెప్పాడు. ఆ ధరకు ముసునూరు తోటలన్నీ వస్తాయి. అద్దాల గది ఉందంటాడు, పాలరాతి నేలంటాడు. నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు గనక, ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి.

వీరరాఘవయ్య

తా.క. ఆయన టీ ఇప్పించి, అద్దెకున్న మదరాసీ బాబు చాలా మంచివాడని నిన్ను పొగిడాడు. అద్దె మాత్రం ఆలస్యంగా ఇస్తావట. నాకు తలవంపులు.


బికనీరు,
ఏప్రిల్.

బావగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం దేవుడి పటం ముందు కూర్చుని రాస్తున్నాను.

వద్దు బావగారూ! ప్రపంచంలో ఏ ఇల్లైనా కొనండి గాని ఇది వద్దు. పాలరాతి నేల నిజమే. దాని మధ్య పగులు ఎంతుందంటే, పిల్లవాడి బంతి అందులో పడి ఇంతవరకు పైకి రాలేదు. అద్దాల గది కూడా నిజమే. అద్దాలు రాలిపోయి గది మిగిలింది. కప్పు మీద గబ్బిలాలు, కిందున్న నీళ్ళగోతిలో చచ్చిన పావురాలు. వీధివైపు గోడ పడిపోవడానికి సిద్ధంగా ఉంది, ఎవరు ముందు తుమ్ముతారా అని చూస్తోంది. మీకా ఉబ్బసం.

ఇది చెప్పకూడదనుకున్నాను. కాని దాస్తే పాపం. ఇంట్లో దయ్యముంది. మేడమీద సాయంత్రం దీపాలవేళ వెండి కడియాల చప్పుడవుతుంది. ఒక ముసలమ్మ. తెల్ల ఓణీ కప్పుకుని పిట్టగోడ పక్కన కూర్చుని ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంది. విజయలక్ష్మి చూసింది, నేను విన్నాను. చుట్టుపక్కల ఎవరినడిగినా తల వంచుకుని వెళ్ళిపోతారు. ఈ మాట అక్కయ్యకు చెప్పకండి, భయపడుతుంది. లేదా చెప్పండి, మీ ఇష్టం.

మీ మేలే నా మేలు.
భాస్కరరావు

తా.క. మరి మీరెందుకు ఉంటున్నారని అడగవచ్చు. మాకు అలవాటైపోయింది.


నూజివీడు,
మే.

చిరంజీవి భాస్కరరావుకు, నీ బావా, ఇంటి యజమానీ అయిన వీరరాఘవయ్య ఆశీస్సులు.

అవునురా అబ్బాయ్, రిజిస్ట్రీ అయిపోయింది. మూల్‌చంద్ హవేలీ నాది.

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా సేఠ్ కొట్టుకు వెళ్ళాను. గుమాస్తాలందరినీ పిలిచి పైకి చదివాను. పగులుకు కొంత తగ్గాడు. గబ్బిలాలకు కొంత తగ్గాడు. గోడ తుమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆయనకే తుమ్ము వచ్చింది. అన్నీ కలిసి మొదటి ధరలో సగమైంది. నాకింత కొమ్ము కాసినవాడు లేడు.

నువ్వు అబద్ధాలు రాస్తున్నావని నాకు తెలియదనుకున్నావా? తల నెరిసేదాకా తోటలు కొన్నవాణ్ణి. కాయ అమృతమని చెప్పేవాడు అమ్ముకునేవాడు. పుచ్చుపట్టిందని పదే పదే చెప్పేవాడు తాను కొట్టేయాలని చూసేవాడు. నువ్వు మొదటి ఉత్తరంలోనే ఊరంతటినీ తిట్టావు. సరే, వీడికేదో ఇంటిమీద కన్నుందనుకున్నాను. అది నా పొరపాటేనని మీ అక్కయ్య మొన్న నవ్వి నవ్వి చెప్పింది. "వాడికి ఇంటిమీద కన్నులేదండీ, మీమీద భయం" అంది. ఆ మాటకు నాకు కొంచెం బాధ కలిగింది. మరునాటికి పోయింది.

ఇక భయపడకు. నేను రావడం లేదు. ఈ ఏడాది గోదాములో పెట్టెల్లో పరిచే ఎండుగడ్డి దులిపించే పని ఇంకొకరికి అప్పజెప్పాను. పిల్లికూతలు వాటంతటవే ఆగిపోయాయి. డాక్టరుకు చెబితే, "గాలి మార్చుకున్నారా?" అన్నాడు. "లేదండీ, గడ్డి మార్చుకున్నా" అన్నాను. కాబట్టి ఇంట్లో మీరే ఉండండి. అద్దె నాకు పంపు, ఆలస్యం పనికిరాదు. పగులూ, గోడా, గబ్బిలాలూ నీ చేత్తో రాసినవే గనక, నీ చేత్తోనే బాగుచేయించు. ఏవీ లేవంటావా, అయితే ఆ సంగతి సేఠ్‌కు నువ్వే రాయి. బదిలీ వచ్చినా వెళ్ళకు. ఫోటో ఒకటి తీయించి పంపు. అటూ ఇటూ ఉన్న హవేలీలు కూడా పడేట్టు తీయించు. ముసునూరువాడికి గోడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకూడదు.

దీవెనలతో,
వీరరాఘవయ్య

తా.క. దయ్యం సంగతి చదవగానే సేఠ్ గల్లాపెట్టె మీద తల పెట్టి భోరుమన్నాడు. "మా దాదీ! ఇంకా ఇంట్లోనే ఉన్నది!" అని. దాదీ అంటే నాయనమ్మట. నన్ను కావలించుకున్నాడు. అమ్మకానికి ఒకే ఒక్క షరతు పెట్టాడు. రోజూ దీపాలవేళ మేడమీద ఆవిడకొక దీపం, గ్లాసెడు మజ్జిగ పెట్టి, దీపం కొండెక్కేదాకా ఒకరు పక్కన కూర్చోవాలి. నీ తరఫున ప్రమాణం చేశాను. దీపావళికి సేఠ్ కుటుంబంతో సహా అక్కడికి వస్తున్నాడు, నువ్వు దగ్గరుండి దాదీతో మాట్లాడించాలట. ఆవిడకు మార్వాడీ తప్ప రాదు. ఇప్పట్నుంచే నేర్చుకో.