లూతౌ అలమర కొలత

థైనాన్, మార్చి 4

చిరంజీవి యీషెంగ్‌కు అక్క పావ్‌చూ ఆశీర్వదించి రాసేది.

ఫోన్ చేయమన్నావు. ఫోన్లో నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే రెండుసార్లు చదువుతావు.

మంగళవారం పొద్దున ఎప్పటిలాగే అయిదింటికి లేచాను. గ్వాన్‌యిన్ అమ్మవారి ముందు మూడు కప్పుల నీళ్లు మార్చాను. అగరొత్తులు వెలిగించి, పక్కనున్న పెద్దల పేర్ల పలకకూ మొక్కాను. చిలగడదుంప గంజి పొయ్యి మీద పెట్టాను. ఊరవేసిన టోఫు సీసా కళ్లెదురుగా ఉండగానే నేనెక్కడో దాచానని అత్తగారు కేకలేశారు. మీ బావగారు స్టేషన్ మాస్టరుగా రిటైరై రెండేళ్లయినా ఆరూ పదికి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నారు. ఉత్తరం వైపు బండి దాటిన చప్పుడు విని, తల ఊపి, లోపలికి వచ్చారు. చెత్త బండి పాట పాడుకుంటూ వచ్చి వెళ్లింది. అంతలో నీ స్నేహితుడు చిల్లులున్న అట్టపెట్టె తెచ్చిచ్చాడు. తినేదేమోనని అత్తగారు తెరిచారు.

తినేది కాదు.

నీ చీటీ చదివాను. కంపెనీ నిన్ను లిఫ్టులు బిగించడానికి ఆర్నెల్లపాటు చిన్‌మెన్ ద్వీపానికి పంపిందనీ, ఇది నీ ఊసరవెల్లి లూతౌ అనీ, "కాస్త చోటివ్వక్కా" అనీ రాశావు. ఎంత చోటో రాయలేదు. పెరట్లో ఖాళీగా ఉన్న చేపల గాజు తొట్టెలో పెట్టాను. పెట్టగానే ఒళ్లు ఉబ్బించి, నల్లబడి, గాజు మీదికి నోరు తెరిచింది.

"తనతో తనే పోట్లాడుకుంటోంది. మీ పుట్టింటి వాళ్లదే, సందేహం లేదు," అన్నారు మీ బావగారు. తరవాత నవ్వకుండా ఇంకో మాట అన్నారు. "చింగ్‌మింగ్ నాడు సమాధులు ఊడ్చి వచ్చాక చుట్టాలంతా ఇక్కడే భోంచేస్తారు. ఆలోగా దీనికి సరైన గూడు కుదిరిందా, ఉంటుంది. లేదా, జంతువుల అంగడికి పోతుంది."

నెల రోజులుంది. ఏం కావాలో వివరంగా రాయి.

నీ అక్క

తా.క.: అది ఒక కన్ను నా మీద, రెండో కన్ను మీ బావగారి మీద పెట్టి చూస్తోంది. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఇంకా తేల్చుకున్నట్టు లేదు.

---

చిన్‌మెన్, మార్చి 8

అక్కయ్య పాదాలకు తమ్ముడు యీషెంగ్ నమస్కరించి, కంగారుగా రాసేది.

అక్కా, ముందు దాన్ని ఆ తొట్టెలోంచి తీసెయ్! గాజులో తన నీడే కనిపిస్తే ఇంకో ఊసరవెల్లి వచ్చి కూర్చుందని బెంగ పెట్టుకుంటుంది. తిండి మానేస్తుంది. పైగా గాజులో గాలాడదు.

దానికి కావలసింది ఎత్తు. నేల మీద తిరిగేది కాదు, కొమ్మల మీద ఉండేది. అడుగు అరవై బై అరవై, ఎత్తు నూట ఇరవై సెంటీమీటర్లు. నాలుగు వైపులా జాలీ. పైన జాలీకి అవతల దీపం. దీపానికీ పై కొమ్మకీ జానెడు దూరం ఉండాలి, లేకపోతే వీపు కాలుతుంది. లోపల అడ్డంగా కొమ్మలు, దాక్కోవడానికి ఆకులు. అలమరను మన తలల కంటే ఎత్తులో పెట్టాలి. మనం పైనుంచి వంగి చూస్తే గద్ద అనుకుంటుంది. ఫ్యాను గాలి తగలకూడదు. ముఖ్యంగా, ఒకచోట కుదురుకున్నాక మళ్లీ గూడు మార్చకూడదు.

దీపం చట్రం, జాలీ పలకలు ఆ కొలతకే కొనేశాను. పార్సిల్ వస్తోంది. చెక్క పని మాత్రం అక్కడ చేయించు. కీచురాళ్లు వారానికో డబ్బా నా స్నేహితుడు పంపుతాడు. అంగడి మాట ఎత్తవద్దని బావను బతిమాలు. మూడేళ్లుగా నేను గదికి వచ్చేసరికి నాకోసం తల తిప్పేది అదొక్కటేనక్కా. తిప్పడానికి పావుగంట పడుతుంది, అది వేరే సంగతి.

నీ తమ్ముడు

తా.క.: గిన్నెలో నీళ్లు పెట్టకు. కదలని నీళ్లు దాని కంటికి నీళ్లు కావు. చుక్కలు చుక్కలుగా ఆకుల మీద పడాలి. బావ దాని ముందు విజిల్ ఊదకుండా చూడు.

---

థైనాన్, మార్చి 12

చిరంజీవి యీషెంగ్‌కు అక్క దీవెనలు.

తొట్టెలోంచి తీశాను. పార్సిల్ వచ్చేదాకా గాలాడే చోటు ఇంకేముందా అని చూశాను. వంటింటి జాలీ అలమర కనపడింది. పై అర ఖాళీ చేసి, మందార కొమ్మ ఒకటి పెట్టి, దాన్ని ఎక్కించాను. రంగు తేరుకుంది. అత్తగారికి చెప్పడం మరిచాను.

సాయంత్రం ఆవిడ టోఫు సీసా కోసం తలుపు తీశారు.

"కోడలా, ఈ కాకరకాయ నన్ను చూస్తోందే!"

చెప్పాను. ఆవిడా, లూతౌ ఒకరినొకరు చూసుకున్నారు. "కళ్లార్పదేం? మీ మామగారూ ఇంతే. పొద్దస్తమానం కూర్చుని, భోజనం కనపడితేనే కదిలేవారు," అని సీసా తీసుకుని తలుపు నెమ్మదిగా మూశారు.

నీ పార్సిల్ వచ్చింది. ఔ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన నలభై ఏళ్లుగా దేవుడి అలమరలే చేస్తున్నాడు. శుభాశుభాల టేపు తీసి పరిచాడు, ప్రతి కొలతకీ రెండు వరసల్లో అక్షరాలు, ఎర్రదైతే మంచి, నల్లదైతే చెడు. అరవైకి పైవరసలో ఎర్ర అక్షరమే వచ్చింది. నూట ఇరవైకి మాత్రం నల్ల అక్షరం, "హాని."

"అమ్మా, ప్రాణమున్న దాన్ని హాని మీద ఎలా కూర్చోబెట్టను? నూట పాతిక చేయించు, ఎర్రగా ఉంటుంది," అన్నాడు.

"ఇది ఊసరవెల్లి కోసం మేస్త్రీ."

"దేనికైనా నా చేతి పని కదమ్మా."

ఏం చేయమంటావు?

అక్క

తా.క.: కీచురాళ్లు వచ్చాయి. మాంసం ముట్టని దాన్ని, వాటిని నా చేత్తో చావుకు పంపలేను. ఒక్కొక్క దానికీ పదిసార్లు అమితాభ నామం చెప్పి వదులుతున్నాను. లూతౌ నిదానస్తురాలే, ఓపిక పడుతోంది. కీచురాళ్లే మధ్యలో వెళ్లిపోతున్నాయి. అత్తగారి చెప్పులో ఒకటి దొరికింది.

---

చిన్‌మెన్, మార్చి 16

అక్కయ్యకు తమ్ముడి వందనాలు.

నూట పాతిక కుదరదక్కా! పలకలు నూట ఇరవైకే కోసి ఉన్నాయి. అయిదు సెంటీమీటర్ల సందు వదిలితే కీచురాళ్లన్నీ అత్తగారి చెప్పుల్లోకే చేరతాయి. ఊసరవెల్లికి చదవడం రాదని మేస్త్రికి చెప్పు. చింగ్‌మింగ్ ముంచుకొస్తోంది. నువ్వు వెళితే మేస్త్రి నీకు నచ్చజెప్పి పంపేస్తాడు. బావను పంపు. బండ్లను ఆపిన మనిషి, మేస్త్రిని కదిలించలేడా?

నీ తమ్ముడు

తా.క.: లూతౌ నిదానస్తురాలు అన్నావేంటి? అది మగది. వెనక కాళ్లకు ముల్లు ఉంటుంది చూడు. ఈ మూడేళ్లలో నేను స్వయంగా చూడలేదనుకో, అంగడివాడు చెప్పాడు.

---

థైనాన్, మార్చి 21

చిరంజీవి యీషెంగ్‌కు.

ఇవాళ గుడికి వెళ్లాలి, తొందరలో రాస్తున్నాను. మీ బావగారు వెళ్లారు. కింద అయిదు సెంటీమీటర్ల పీట కలిపి పైవరసలో ఎర్ర అక్షరం తెస్తానన్నాడట మేస్త్రి. మీ బావగారు వద్దన్నారు. "నూట ఇరవై కింది వరసలో ఎర్రగానే ఉంది కదా, ఆ వరసే రాసుకో," అన్నారట. కింది వరస ఎవరి కోసమో నీకు తెలుసు.

అలమర వచ్చింది. హాల్లో పెద్దల పలక పక్కనే, ఎత్తుబల్ల మీద పెట్టాం. లూతౌ ఇప్పుడు అందులోనే ఉంది. కదలడం లేదు. ప్రశాంతంగా ఉంది. పొద్దునా సాయంత్రం నామం చదువుతున్నాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

అక్క

తా.క.: అత్తగారు ఒక కమలాపండు పెట్టారు.

---

చిన్‌మెన్, మార్చి 25

అక్కయ్యకు, ఏడుస్తూ తమ్ముడు రాసేది.

దాచకు అక్కా. అర్థమైంది. బతికున్నవాళ్ల గుమ్మానికి పైవరస, పోయినవాళ్ల పలకకీ సమాధికీ కింది వరస. చిన్నప్పుడు నువ్వే చెప్పావు. పెద్దల పక్కన పెట్టారు, నామం చదువుతున్నావు, అత్తగారు పండు పెట్టారు. ఇంక నాకు చెప్పవలసిందేముంది? ఎప్పుడు పోయింది? నల్లబడి పోయిందా, ఆకుపచ్చగానే పోయిందా? ఆకుపచ్చగా పోయుంటే బాధపడలేదనుకుంటాను.

నాతో పనిచేసేవాళ్లు మంచివాళ్లు. విషయం తెలిసి, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపి, ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. నిమిషం అయ్యాక లిఫ్టు కదల్లేదు. బాగుచేసేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ మౌనం పాటించినట్టే అయింది.

ఏడో రోజున ఆరు కీచురాళ్లు పెట్టు. పెద్దవి.

తమ్ముడు

తా.క.: బావను నేనేమీ అననక్కా. అంగడి మాట ముందే చెప్పారు. కానీ పీట వద్దన్నారంటే, ముందే తెలుసా ఆయనకి?

---

థైనాన్, మార్చి 29

చిరంజీవి యీషెంగ్‌కు అక్క రాసేది.

లూతౌ బతికే ఉంది. నువ్వు చెప్పిన ఆరు కీచురాళ్లు తింది. ఏడోది అడిగింది.

కదలడం లేదన్నాను. నచ్చిన చోటు దొరికితే కదలదని నువ్వే కదా అనేవాడివి. నామం కీచురాళ్ల కోసం. పండు అత్తగారి ఇష్టం. పలక పక్కన పెట్టింది, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేదీ, ఫ్యాను గాలి తగలనిదీ ఈ ఇంట్లో ఆ ఒక్క చోటే కాబట్టి. పెద్దలకు మంచి చోటు ముందే తెలుసు. మీ బావగారు పీట ఎందుకు వద్దన్నారో నాకూ చెప్పలేదు.

లోపల మూడు కొమ్మలు అడ్డంగా కట్టాం. లీచీ కొమ్మలు, బెరడు గరుగ్గా ఉండి పట్టు దొరుకుతుంది. ఒక కుండీలో మందార, ఇంకో దాంట్లో మనీ ప్లాంటు. పైన సీసాకు సూదితో చిల్లు పెట్టాం, ఆకుల మీద చుక్క చుక్కగా పడుతుంది. అడుగున పళ్లెం. మొదటిరోజు పళ్లెం మరిచాం, నీళ్లు పెద్దల ముందరి పూల మీదుగా నా చాప దాకా వచ్చాయి.

ఆకుల మీద నీళ్లు చల్లే పని మీ బావగారు తీసుకున్నారు. పొద్దున ఎనిమిదీ పది, సాయంత్రం నాలుగూ నలభై. కాగితం మీద రాసి గోడకు అంటించారు. నిన్న ఒక నిమిషం ఆలస్యమైంది. "నాలుగూ నలభై ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చుచున్నది. అంతరాయమునకు చింతిస్తున్నాము," అని దానికి చెప్పడం విన్నాను. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

అక్క

తా.క.: వెనక కాళ్లు చూశాను. ముల్లు లేదు. ఆడదే. నిన్న కుండీలో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నాకు అర్థమైంది. లోతుగా తడి ఇసుక నింపిన కుండీ ఒకటి పెట్టి, జాలీ మీద గుడ్డ కప్పి, అందరినీ అవతలికి పంపాను. ఇరవై మూడు గుడ్లు. జత లేదు కాబట్టి పిల్లలు రావట. గుడ్లు పెట్టాక నీళ్లు అరగంట తాగింది. మీ బావగారు పక్కన నిలబడి, తన వంతు కాని వేళ కూడా చల్లారు.

---

చిన్‌మెన్, ఏప్రిల్ 1

అక్కయ్యకు, ఎగిరి గంతేస్తూ తమ్ముడు రాసేది.

బతికుంది! ఆడపిల్ల! ఇరవై మూడు గుడ్లు! వాడికి, కాదు దానికి ఏం పేరు పెట్టాలో తెలియడం లేదు. లూతౌ అనే పిలుస్తాను, లూతౌ అంటే పెసలే కదా, పెసలలో ఆడా మగా ఏముంది?

ఇంకో శుభవార్త అక్కా. ఇక్కడి పని ముందే అయిపోతోంది. మొన్న లిఫ్టు మధ్యలో ఆగినప్పటి నుంచి మమ్మల్ని త్వరగా పంపించాలని వాళ్లకే తొందరగా ఉంది. తైపేలో కొత్త గది చూసుకున్నాను. ఇరవయ్యో తారీఖున చిన్న వ్యాను మాట్లాడుకుని వచ్చి లూతౌనీ అలమరనీ పట్టుకెళతాను. అలమరతో సహా తీసుకెళితే గూడు మార్చినట్టు కాదు కదా. ఇన్నాళ్లూ భరించినందుకు బావకు నా తరఫున చేతులెత్తి మొక్కు. ఇంక ఈ బెడద ఉండదని చెప్పు.

నీ తమ్ముడు

తా.క.: బావకు పైనాపిల్ బిళ్లలు తెస్తున్నాను. సంతోషంతో రెండు డబ్బాలు.

---

థైనాన్, ఏప్రిల్ 6

చిరంజీవి యీషెంగ్‌కు అక్క ఆశీర్వదించి రాసేది.

నిన్న చింగ్‌మింగ్ బాగా జరిగింది. సమాధులు ఊడ్చి వచ్చాం. పందొమ్మిది మంది భోజనానికి వచ్చారు. వచ్చినవాళ్లంతా ముందు అలమర దగ్గరికే నడిచారు. మీ బావగారు పాత టోపీ పెట్టుకుని నిలబడ్డారు. నేల మీద పసుపు గీత ఉంది. ఎప్పుడు గీశారో నాకు తెలియదు. "గీత వెనక నిలబడండి, గీత వెనక! ఒక్కొక్కరే రండి. దిగేవాళ్లని దిగనివ్వండి." మా ఆడపడుచు గీత దాటితే, తిరిగి వెనక్కి వెళ్లి వరసలో రమ్మన్నారు. ఆవిడ వెళ్లి వచ్చింది కూడా.

అందరూ వెళ్లాక నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఈ బెడద" అన్నచోట మీ బావగారు చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. కూరలు చుట్టిన వసంతపు రొట్టెలు సగంలోనే వదిలేశారు. ఆయన వాటిని వదలడం నేను ముప్పై ఏళ్లలో చూడలేదు.

అప్పుడన్నారు: "అలమర కదలదు."

"వాడి అలమర కదా," అన్నాను.

"కింది వరస కొలత. పెద్దల సామాను. పంచాంగంలో మంచి రోజు చూడకుండా దాన్ని గడప దాటించకూడదు. తెలుసు కదా."

అప్పుడు తెలిసింది నాకు, పీట ఎందుకు వద్దన్నారో. పైవరస కొలతైతే ఏ రోజైనా ఎవరైనా ఎత్తుకెళ్లొచ్చు. మార్చి నెలలోనే, అంగడి అంగడి అంటున్నప్పుడే, ఈ మనిషి దాన్ని ఇంట్లోంచి కదలకుండా కట్టేసుకున్నారు.

"మరి మంచి రోజు ఎప్పుడుంది?" అన్నాను.

పంచాంగం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, చాలాసేపు చూశారు. "ఈ ఏడు లేదు. వచ్చే ఏడూ లేదు."

"అబ్బాయి ఒంటరిగా ఉంటాడే పాపం," అన్నారు అత్తగారు. "వాణ్ని కదపడానికి పంచాంగం అక్కర్లేదు కదా?"

ఆవిడ మాట అందరికీ నచ్చింది.

కనుక నిన్న సాయంత్రం ఇంట్లో తేల్చింది ఇదీ. లూతౌ ఇక్కడే ఉంటుంది. మేడమీద గది నీది. ఇవాళ కిటికీ తీసి దులిపాను. ఈ ఊళ్లోనూ లిఫ్టులున్నాయి, ఆగిపోతూనే ఉంటాయి, పని అడిగి చూడమని మీ బావగారి మాట. వ్యాను రద్దు చేయకు. దాంట్లో నీ పెట్టె బేడా వేసుకుని రా. దాన్ని చూడాలంటే మాత్రం గీత వెనక నిలబడాలి. సొంత యజమానికి మినహాయింపు ఇమ్మని అడిగాను, ఆలోచిస్తానన్నారు.

నీ అక్క
పావ్‌చూ

తా.క.: పంచాంగం నేనూ చూశాను. వచ్చే నెలలోనే మూడు మంచి రోజులున్నాయి. అడిగితే చెబుతాను. ముందు వచ్చి, ఇక్కడ కడుపునిండా నాలుగు రోజులు తిని, అప్పుడు అడుగు.