ఎడమవైపు చుట్టిన దారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారంతో రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, వదిన, పిల్లలు క్షేమమని నమ్ముతున్నాను. ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి రాశాను. చివరిదాకా చదివాక ఆ మాట ఉంచుకుంటావో కొట్టేస్తావో నీ ఇష్టం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. నా దగ్గు తగ్గింది. వంటింటి గోడకు చెమ్మ ఉన్నన్నాళ్లూ అది పూర్తిగా పోదు గానీ, మాట్లాడటానికి అడ్డం రావడం లేదు. ఎలాగూ నేను మాట్లాడేది తక్కువే కదా. చిన్నదాని గౌను కుట్టడం అయిపోయింది. చేతులు కాస్త వదులుగా పెట్టాను. అంచు లోపలికి మడిచి కుట్టాను, ఎదిగే పిల్ల, వదిన విప్పి పొడవు చేసుకోవచ్చు. మీ వీధి దర్జీ కుట్టినవాటిలా బొత్తాలు వేలాడవని చెప్పు.

"బావ ఎప్పుడు బయల్దేరుతున్నాడు, సామాను సర్దారా" అని అడిగావు. సర్దాము. గిన్నెలు పాత దుప్పట్లలో చుట్టి పెట్టాను. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటావిడకు చెప్పాము. సామానంతా కారులో వేసుకుని మీ దగ్గరికి వచ్చి, ఆయన నీ మెకానిక్ షెడ్డులో బళ్లు కడిగే పనిలో చేరాలని కదా అనుకున్నది. ఇక్కడ గోడౌనులో అట్టపెట్టెలు మోసే పనికంటే అదే నయమన్నావు. "నా కళ్లముందుంటే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు" అని కూడా రాశావు. ఆ మాట ఆయనే చదివారు. చదివి, ఉత్తరం మడిచి, "బావగారు మన మంచికే కదా అంటున్నారు" అన్నారు.

చివర ఒక మాట రాసి దాని కింద గీత గీశావు. "బండి నెమ్మదిగా తోలుకుంటూ రమ్మను. ఆయిల్ ఇక్కడికొచ్చాక నేనే మారుస్తా. అక్కడ గానీ దారిలో గానీ ఎవరిచేతా కింద బోల్టు విప్పించొద్దు." మా అన్నయ్యకు మామీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను అన్నయ్యా.

కానీ నాకు భయం వేసింది. దూరపు దారి. కారు ఇన్నాళ్లుగా పెరట్లో కదలకుండా ఉంది. ఆ పాత ఆయిల్‌తో బయల్దేరి, మళ్లీ దారిలో ఆగిపోతే? ఇంకొక్కసారి అలాంటిది జరిగితే ఆయన తలెత్తలేరు.

మొదటిసారి జరిగింది నీకు తెలియనిది కాదు. కానీ నువ్వు చెప్పినప్పుడల్లా అది నవ్వులాటలా ఉంటుంది. మా ఇంట్లో అది ఎలా ఉందో ఒకసారి చదువు.

అప్పుడు మేమూ మీ ఊళ్లోనే ఉన్నాం, నువ్వు తెచ్చి బాగుచేసి ఇచ్చిన కారుతోనే ఆయన ఆఫీసువాళ్లను తిప్పే పని మొదలుపెట్టారు. ఆయిల్ మార్చడం ఎప్పుడూ నీ చేతిమీదే. ఆ రోజు వాళ్లను దించి తిరిగొస్తుంటే పెద్ద రోడ్డు మీద ఇంజను పట్టేసి కారు ఆగిపోయింది. నువ్వే వచ్చి తాడు కట్టి లాక్కెళ్లావు. "లోపల చుక్క ఆయిల్ లేదు. చూసుకోకుండా తోలాడు" అన్నావు. ఆయన, "పొద్దున ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను బావగారూ, నిండుగానే ఉంది" అన్నారు.

"అయితే బండే తాగేసిందంటావా?" అన్నావు. షెడ్డులో పనివాళ్లంతా పగలబడి నవ్వారు.

ఇంజను విప్పి నువ్వే బాగుచేశావు. చెల్లెలి మొహం చూసి ఊరికే చేశాడని అందరూ నిన్ను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఆఫీసువాళ్లు మాత్రం మర్నాటికే ఇంకో బండి చూసుకున్నారు, మేము ఈ గోడౌను పని వెతుక్కుని ఇంత దూరం వచ్చేశాము. తర్వాత చిన్నదాని పుట్టినరోజుకు వస్తే, గుమ్మంలోనే అందరూ వినేట్టు "రావయ్యా, నూనె బావా!" అని పిలిచావు. వదిన కాఫీ ఇస్తూ, "అన్నయ్యగారూ, తలకైనా నూనె పెట్టుకున్నారా, అదీ మరిచిపోయారా?" అంది. ఆయన కూడా నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు. ఆ రోజు నుంచి మీ వీధిలో పిల్లలకు కూడా ఆయన నూనె బావే.

ఇంటికొచ్చాక మొదలైంది. గ్యాసు కట్టేసి వంటింట్లోంచి బయటికొస్తారు, మళ్లీ వెళ్లి చూస్తారు, మళ్లీ వెళ్తారు. తలుపుకు తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూస్తారు. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి, "ఆ పొద్దున నేను నిజంగా చూశానంటావా? పుల్ల గుడ్డతో తుడిచినట్టు గుర్తే. కానీ అది ముందురోజేమో. ఇంతమంది అంటుంటే నామీద నాకే నమ్మకం పోయింది" అన్నారు.  నేను పిండిన బట్టనే మళ్లీ పిండాను.

అందుకే ఈసారి ఆయిల్ నేనే మార్చాలనుకున్నాను. కారు జోలికే ఆయన పోవడం లేదు. అడిగితే వద్దంటారని, ఆయన గోడౌనుకు వెళ్లాక మొదలుపెట్టాను. నీ షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగినదాన్ని, ఇది నాకు కొత్తా? పెరట్లో కారు నిలిపినచోట కింద కాలువ గుంట ఉంది, మనిషి దూరేంత. కాసేపు ఇంజను ఆన్ చేసి ఉంచాను, ఆయిల్ వేడెక్కితే సాఫీగా జారుతుందని నువ్వు చెప్పినట్టే. తర్వాత పాత చీర నడుముకు బిగించుకుని గుంటలోకి దిగాను.

మొదటి వింత ఏమిటంటే, ఆ బోల్టుకు మామూలు పానా పట్టలేదు. ఆయన పెట్టెలో అన్నిటికంటే పెద్ద పానా పట్టింది. చుట్టూ అన్నీ తుప్పు పట్టిన బోల్టులు, ఇదొక్కటే కొత్తగా మెరుస్తోంది. పాత మరలు అరిగిపోతే కన్నం పెద్దది చేసి వేసే బోల్టు అది. సరే, అన్నయ్య మంచిదే వేశాడు అనుకున్నాను.

విప్పితే కింద పెట్టిన తొట్టిలోకి ఆయిల్ ధారగా పడింది. సగం పడ్డాక టక్కున ఆగిపోయింది. కారులో ఉండాల్సినంత రాలేదని తొట్టి చూస్తేనే తెలుస్తోంది. లోపల ఏదో అడ్డం పడింది. విరిగిన గొడుగులోంచి ఒక పుల్ల పీక్కొచ్చి కన్నంలో పెట్టి కెలికాను. ఏదో మెత్తగా తగిలింది. ఇంకాస్త కెలికేసరికి ఆయిల్ ఒక్కసారిగా నా మోచేతిమీదుగా పొంగింది. దానితోపాటు బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి వచ్చి తొట్టిలో పడింది. ఎలుకపిల్లేమోనని కేక వేశాను. పక్కింటావిడ గోడమీద నుంచి తల పెట్టి, "ఏమైందమ్మా? నీ గొంతు ఇలా ఉంటుందా!" అంది.

అది ఎలుకపిల్ల కాదు. కిరసనాయిలుతో తుడిచి చూశాను. చెక్క ముక్క. కొసన సన్నగా చెక్కి, దారం చుట్టిన చెక్క బిరడాలో సగం. రెండో సగం విరిగిపోయినట్టు చీలిక కనిపిస్తోంది.

ఇంజన్లో చెక్క ఎందుకుంటుంది అన్నయ్యా? ఇనుమూ, రబ్బరూ ఉండాల్సిన చోట చెక్కకు ఏం పని?

పాత యజమాని చేసిన పనేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. గుంట గట్టున కూర్చుని చాలాసేపు చెప్పుకున్నాను. కానీ దారం ఎడమవైపు చుట్టి ఉంది.

నీకు గుర్తుందా, నాన్న పోయిన కొత్తలో మన నీళ్ల డ్రమ్ముకు చిల్లు పడింది. కొత్తది కొనే దారి లేదు. నువ్వు కర్రముక్క చెక్కి బిరడా చేశావు. నేను దారం కొస పట్టుకుంటే, దానికి కొవ్వొత్తి రాస్తూ చుట్టావు. నీది ఎడమచేతి వాటం. అందరూ చుట్టే వైపు కాకుండా నీ దారం అవతలి వైపు తిరుగుతుంది. చివర రెండు ముడులు పక్కపక్కన వేసి, మిగిలిన కొస పంటితో కొరుకుతావు. "పిట్టా, గట్టిగా పట్టుకో, నువ్వు వదిలితే అంతా ఊడిపోతుంది" అనేవాడివి. నేను వదల్లేదు. ఆ చిల్లు నుంచి మళ్లీ చుక్క కారలేదు. మా అన్నయ్యకు రాని పని లేదని బడిలో అందరికీ చెప్పుకున్నాను. అదే నేను బడికి వెళ్లిన ఆఖరి ఏడు.

చెక్కమీద ఆ రెండు ముడులూ పక్కపక్కనే ఉన్నాయి.

చెక్క బిరడా పెట్టినందుకు కాదు నా బాధ. బోల్టు మరలు అరిగిపోయి ఉంటాయి, సరైనది దొరికేదాకా అని పెట్టి ఉంటావు, తర్వాత మరిచి ఉంటావు. మనుషులన్నాక మరిచిపోతారు. కానీ ఇంజను పట్టేశాక దాన్ని విప్పింది నువ్వు. బిరడా ఉండాల్సిన చోట ఒట్టి కన్నం చూసింది నువ్వు. కన్నం పెద్దది చేసి కొత్త బోల్టు బిగించింది నువ్వు. నీకు దొరకని సగం లోపలే ఎక్కడో ఉందని తెలిసే కదా, ఎవరిచేతా విప్పించొద్దని గీత గీశావు. అన్నీ తెలిసి, ఆయన మొహంలోకి చూసి, "బండే తాగేసిందంటావా" అన్నావు.

ఇప్పుడు నేను దాచినది చెప్పాలి. ఆ ముక్కను వెంటనే ఆయనకు చూపించలేదు. బొత్తాల డబ్బాలో అడుగున పెట్టి, పైన బొత్తాలు పోశాను. కారుకు బోల్టు తిరిగి బిగించాను గానీ కొత్త ఆయిల్ పోయలేదు. ఆయన సాయంత్రం వచ్చి, "ఆయిల్ వాసన వస్తోందేం?" అంటే, "దీపానికి కిరసనాయిలు పోశాను" అన్నాను. మర్నాడూ చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. ఆయన గ్యాసు చూసి, మళ్లీ చూసి, మళ్లీ చూస్తుంటే, నేను అక్కడే చాటలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఒకసారి దాన్ని పొయ్యిమీద కాల్చేద్దామని కూడా చేతిలోకి తీసుకున్నాను. నాకు అన్నం పెట్టి పెంచినవాడివి. నాకు జ్వరమొస్తే షెడ్డు మూసేసి కూర్చున్నవాడివి. ఆయన ఎటూ నమ్మేశారు కదా, అందరూ మరిచిపోతారు కదా, నిన్ను ఎందుకు బయటపెట్టాలి అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న ఆదివారం ఆయన సామాను పెట్టెలకు తాళ్లు కడుతున్నారు. ఒక పెట్టె కట్టి, నన్ను పిలిచి, "ముడి సరిగ్గా వేశానా? నువ్వొకసారి చూడు" అన్నారు. చూశాను, గట్టిగానే ఉంది. కాసేపటికి మళ్లీ పిలిచి, "మీ అన్నయ్య దగ్గర ఇలా వదులుగా కడితే నవ్వుతారు, ఇంకోసారి చూడు" అన్నారు. నా వల్ల కాలేదు. డబ్బా తెచ్చి బొత్తాలన్నీ నేలమీద కుమ్మరించి, ఆ ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఏమిటిది?"

"మన ఇంజన్లోది. కింద బోల్టు స్థానంలో ఉండేది. అది విరిగే ఆయిల్ కారిపోయింది."

"ఎవరు పెట్టారు?"

"మా అన్నయ్య."

అరుస్తారనుకున్నాను. కనీసం ఇన్నాళ్లు దాచినందుకు నన్నయినా తిడతారనుకున్నాను. ఆయన ఆ పెట్టెమీదే కూర్చుండిపోయారు. చెక్కను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఆ పొద్దున నేను చూశాను" అన్నారు.

"చూశారు."

"పుల్ల తుడిచి మళ్లీ పెట్టి చూశాను."

"చూశారండీ."

అప్పుడు ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "మీ అన్నయ్యతో గొడవ పెట్టుకోకు. నీకు పుట్టింటివైపు ఉన్నది ఆయనొక్కడే" అన్నారు. నువ్వు నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి అన్న మాట అది.

ఆయన వద్దన్నారు. కాబట్టి రాస్తున్నది నేను. ఎదురుగా అయితే తల వంచుకుని వచ్చేస్తాను. ఫోనులో అయితే నువ్వు, "ఏమిటే పిట్టా" అని నవ్వేస్తావు, నేను ఆగిపోతాను. కాగితం మీద నవ్వు వినపడదు.

మేము రావడం లేదు. నిన్న ఇంటావిడ దగ్గరికి నేనే వెళ్లి, ఖాళీ చేయడం లేదని చెప్పాను. "నీకు మాటలొచ్చా అమ్మాయ్!" అని ఆశ్చర్యపోయింది. గిన్నెలు దుప్పట్లలోంచి తీసేశాను. కొత్త ఆయిల్ ఆయనే పోశారు. పోసి, పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూశారు.

గౌను ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను, పిల్ల ఏం తప్పు చేసింది? చెక్క ముక్క మాత్రం పంపడం లేదు. పుట్టినరోజుకు పిలుస్తావు కదా, పిలిచే ముందు ఒక పని చెయ్యి. ఆ రోజు నవ్వినవాళ్లందరికీ, షెడ్డులో వాళ్లకీ, వదినకీ, వీధి పిల్లలకీ, నీ నోటితో చెప్పు, ఆయన ఆ పొద్దున ఆయిల్ చూశాడని. అంతే చాలు. అది చెప్పేదాకా నన్ను పిట్టా అని పిలవకు.

నిన్న సాయంత్రం మేము బజారుకు వెళ్లాము. ఆయన తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి నడిచారు. వీధి మలుపుదాకా నేను వెనకే నడుస్తూ చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు.

ఇట్లు,
నూనె బావ భార్య