తొందరపడని మనిషి

జూన్ 3
మా ఆవిడకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవడం లేదు. డాక్టర్ ఫిజియోథెరపీ రాశాడు. నెలలు పడుతుందన్నాడు. దొంగలొచ్చి హ్యాండ్సప్ అంటే ఏం చేస్తావని అడిగాను. నవ్వలేదు.

జూన్ 5, మధ్యాహ్నం
గేటుకి రావాల్సిన పైపులు రాలేదు. వెల్డింగ్ షాపు మూసేసి ఇంటికొచ్చాను. మా ఆవిడ డబ్బింగ్ కౌబాయ్ సినిమా చూస్తోంది. రోజూ ఇలాంటిది ఒకటి చూస్తుందట. హీరో మొహం ఎండకీ వానకీ బయట పడున్న ఇనప రేకులా ఉంది. స్నానం చేసినట్టు ఎక్కడా చూపించరు. ముళ్లకంచెలో ఓ గుర్రం చిక్కుకుంది. వాడు గ్లవ్స్ తీసేసి, దాంతో ఏదో మాట్లాడుతూ, ఒక్కో మెలికా విప్పాడు. కట్టర్ ఉంటే రెండు నిమిషాల పని అన్నాను.
పక్కకి చూస్తే మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. ఎడమ చేత్తో.

జూన్ 6
వాడిలో ఏముందని అడిగాను. కనబడినవాణ్ణల్లా కాల్చేస్తాడు కదా అన్నాను. కాల్చేవాళ్లు ఆ సినిమాల్లో బోలెడుమందట.
"ఆ గుర్రం దగ్గర తొందరపడలేదు చూడండి" అంది.

జూన్ 8
వదిన ఫోన్ చేసింది. చెయ్యి బాగయ్యేదాకా చెల్లెల్ని తన దగ్గరికి పంపమంది. మా ఆవిడ సరేనంది. శనివారం బస్సు. వంట కోసం కాదు. వంట నేను ఎలాగో చేస్తున్నాను, తను ఎలాగో తింటోంది. తల దువ్వేవాళ్లు లేరట. ఇన్నాళ్లూ పక్కింటికెళ్లి జడ వేయించుకుంటోందట. పక్కింటావిడ విసుక్కోవడం మొదలెట్టిందట. నాకీ సంగతే తెలియదు.
వెళ్లొద్దు అందామని నోరు తెరిచాను. మంచిదే, ఇల్లు విశాలంగా ఉంటుంది అని వచ్చింది.

జూన్ 9
కౌబాయ్‌లు ఎక్కువ మాట్లాడరు. నేనూ పొద్దుట్నుంచి నోరు మూసుకున్నాను. గుమ్మానికి ఆనుకుని కళ్లు చికిలించి దూరంగా చూశాను. దూరంగా ఎదురింటివాళ్ల వాటర్ ట్యాంకే ఉంది.
సాయంత్రం మా ఆవిడ ఆటో పిలిచింది. గుండెనొప్పి దాస్తున్నాననుకుంది. ఈసీజీ తీశారు. డాక్టర్ అంతా బాగుందన్నాడు. మరి ఈయన మాట్లాడరేంటని అతన్నే నిలదీసింది.

జూన్ 11
షాపులో నైలాన్ తాళ్లు మూడు ఓ పాత గేటుకి కట్టి జడ అల్లడం ప్రాక్టీస్ చేశాను. పైపులు తెచ్చిన ట్రాలీ డ్రైవర్, గేటు స్కూలుకెళ్తోందా అని అడిగాడు. ఫస్ట్ క్లాస్ అన్నాను.

జూన్ 12
సూట్‌కేసు సర్దేసి ఉంది. దువ్వెన తీసుకుని, "కూర్చో, నేను వేస్తాను" అన్నాను. జోకేమో అని కాసేపు ఆగింది. ఇంకేం రాకపోయేసరికి కూర్చుంది.
నా వేళ్లు నిప్పురవ్వలు తిన్నవి. వెంట్రుకలు పట్టేసుకుంటున్నాయి. చిక్కు కింద నుంచి తీసుకురావాలట, తనే చెప్పింది. నొప్పిగా ఉందా అంటే లేదంది. నిజం చెప్పు అంటే, కొంచెం అంది. ఇంకా నెమ్మదిగా విప్పాను. స్టవ్ మీద పాలు పొంగాయి. ఇద్దరం లేవలేదు.
"వెళ్లొద్దు" అన్నాను. మొహానికంటే వీపుకి చెప్పడం తేలిక.
తను ఎడమ చేత్తో రబ్బరు బ్యాండు వెనక్కి అందించింది. జడ మాత్రం నేను చేసిన మొట్టమొదటి గేటులా ఓ పక్కకి ఒరిగింది.

జూన్ 13
ఫోన్‌లో వదినకి చెబుతుంటే విన్నాను.
"ఇప్పుడు రాలేనక్కా. ఈయన కొత్తగా పని నేర్చుకుంటున్నారు. మధ్యలో వదిలేస్తే పాడైపోతారు."

జూన్ 20
జడ సగంలో ఉండగా నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాను. అద్దంలో కనిపెట్టేసింది. ఏంటో చెప్పండి అంది.
చెప్పాను. జడ మళ్లీ మొదట్నుంచి వేయాల్సొచ్చింది.